వెనక్కి తీసుకున్న వేలు

డండీలో ఆ పూట టే నది కనబడలేదు.
సముద్రం మీంచి వచ్చే మంచుని ఇక్కడివాళ్లు హార్ అంటారు.
అది వంతెనని సగం దాకా తిని
మిగతా సగాన్ని రేపటికి దాచుకుంది.

మూడో అంతస్తులో నేను
పదమూడో ఫిర్యాదు చదువుతున్నాను.
ఇష్‌బెల్ రాట్రే, డెబ్బై తొమ్మిదేళ్లు, బ్రాటీ ఫెర్రీ.
"నా వేలు వదిలేసినా మీ నీలం బటన్ వదలడం లేదు."
అంతే రాసింది.

ఆవిడ చేతికి వణుకు.
కంటి ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కోసం
ట్యాబ్లెట్ మీద వేలు పెడుతుంది,
వేలు అరంగుళం జారుతుంది,
ఓహో, పేజీ జరపమంటోంది కాబోలు అనుకుంటుంది బ్రౌజర్.
నొక్కుడు రద్దు చేసి పేజీ జరుపుతుంది.
రద్దు చేశానని చెబుతుంది కూడా, మర్యాదగానే.
వినవలసింది మా లైబ్రరీ.
మా లైబ్రరీకి ఆ మాట రాదు.

దానికొచ్చినవి మూడే మాటలు:
వేలు ఆనింది. వేలు కదిలింది. వేలు లేచింది.
ఆనిన ప్రతి వేలూ లేచి తీరుతుందని
తొమ్మిదేళ్ల కిందట ఎవరో నమ్మారు.
ఎవరో ఏమిటి, కోడ్ చరిత్రలో పేరుంది.
నాదే.

అందుకే ఆ బటన్
ముదురు నీలంలో, ఊపిరి బిగబట్టి,
ఎప్పటికీ రాని లేవడం కోసం చూస్తుంటుంది,
ఎవరో పిలిచి మానేస్తే
"ఆఁ?" అని నోరు తెరిచి నిలబడిపోయిన మనిషిలా.

చేయవలసింది చిన్నదే.
పేర్ల పట్టీలో ఇంకో పేరు: పాయింటర్ క్యాన్సిల్.
ఒక్క వరస, కొసన ఒక కామా.
ఆ కామా ఉండాలా వద్దా అని
ఐలీ మక్‌రే నాతో పావుగంట వాదించింది.
అప్పుడు అసలు ప్రశ్న వేసింది:
"రద్దయ్యాక బటన్ ఏమనుకోవాలి? నొక్కారనా, నొక్కలేదనా?"
నొక్కలేదని, అన్నాను.
"మరి ఆవిడ నొక్కింది కదా."

టీ పెట్టుకున్నాం.
రెండో కప్పు దగ్గర తేలింది:
నీలం వెనక్కి పోవాలి, గబుక్కున మాత్రం పోకూడదు,
నూట యాభై మిల్లీసెకన్లు తీసుకోవాలి,
చూశానులే అన్నట్టు.

పరీక్ష రాయడం దగ్గర చిక్కొచ్చింది.
వేలు లేని చోట వేలిని పుట్టించాలి,
తెరకి ఆనించాలి,
లేవకముందే మాయం చెయ్యాలి,
ఆపైన ఏమీ జరగలేదని రుజువు చూపాలి.
ఎవరింట్లోనో ఇంకా బతికున్న పాత బ్రౌజరొకటి
నా కల్పిత వేలిని నమ్మనే లేదు.
మరొకదానికి అదే కబురు రెండుసార్లు వినబడింది.
ఆరుసార్లు ఎర్రగా,
ఏడోసారి, సాయంత్రం అయిదింటికి, పచ్చగా.

జనవరిలో ఐలీ
తమ్ముణ్ణి మట్టిచేసి వచ్చిన సోమవారం
లిఫ్టులో మేమిద్దరమే.
ఆమె కోటు భుజం మీద వాన చుక్కలు, ఇంకా ఇంకలేదు.
నా చెయ్యి లేచింది,
బట్ట దాకా వెళ్లింది,
మధ్యలో ఏమనుకుందో
మూడో అంతస్తు బటన్ నొక్కింది.
అది అప్పటికే వెలుగుతోంది.

ఇవాళ నా కోడ్ సరిచూస్తూ
ఆ వరస పైన నేను రాసుకున్న రెండు వాక్యాల దగ్గర ఆగింది.
"స్పర్శ మొదలై, పూర్తికాకపోవచ్చు.
అదీ జరిగినట్టే లెక్క."
రెండోది కోడ్‌కి అక్కర్లేదు, అంది.
తీసేస్తాను, అన్నాను.
కిటికీ వైపు చూసింది, అక్కడ చూడ్డానికేమీ లేదు.
"ఉండనీ."

గురువారం విడుదల చేశాం.
శుక్రవారం పొద్దున్నే బ్రాటీ ఫెర్రీ నుంచి జవాబు:
"బటన్ ఇప్పుడు బుద్ధిగా ఉంది.
అక్షరాలే, చీమల్లా ఉన్నాయి."
పద్నాలుగో ఫిర్యాదు కింద రాసుకున్నాను.